గుండ్లచర్లలో గడ్డకట్టిన కారు

గుండ్లచర్లలో చలికాలమంటే ఫ్యాను అయిదో నంబరు నుంచి మూడో నంబరుకు తగ్గించుకునే కాలం. అంతకు మించి ఆ ఊరివాళ్ళు చలి మొహం చూసి ఎరగరు. ఊరి చుట్టూ సున్నపురాయి గనులు. ఎండ పైనుంచి కాసేది చాలదన్నట్టు, రాయి మీద పడి మళ్ళీ లేచి మొహాన కొడుతుంది. ఫిబ్రవరి రాకముందే జనం తలకు తువ్వాళ్ళు చుట్టుకుంటారు. అలాంటి ఊళ్ళో ఒక సర్కారు కారు చలికి గడ్డకట్టుకుపోయి నడివేసవి దాకా కదల్లేదంటే మీరు నవ్వుతారు. నవ్వండి. షేక్ మౌలాలి మాత్రం నవ్వలేదు, ఎందుకంటే ఆ కారు డ్రైవరు ఆయనే.

కారు ప్రాంతీయ సున్నపురాయి సర్వే కార్యాలయానిది. తెల్లటి కారు. మౌలాలి దాన్ని తుడిచినంత శ్రద్ధగా తన మొహం కూడా ఏనాడూ తుడుచుకోలేదు. బంపరు మీద కాకి వాలితే ఆయనకు ఒళ్ళు మండేది. ఆఫీసు వాళ్ళను తప్ప ఒక్క నరమానవుణ్ణి ఎక్కనిచ్చేవాడు కాదు. సొంత పెళ్ళాం హుసేన్‌బీ సంతకు పోయి, నెత్తిన మూట పెట్టుకుని మిట్టమధ్యాహ్నం నడిచొస్తుంటే, ఖాళీ కారు వేసుకుని పక్కనుంచి ఆగకుండా పోయిన ఘనుడు. పైగా హారన్ కూడా కొట్టాడు.

"అడ్డమొచ్చావు, ఏం చెయ్యమంటావే?" అన్నాడు ఇంటికొచ్చాక. "అది సర్కారు బండి. నిన్నెక్కించుకుంటే నా ఉద్యోగం ఊడుద్ది."

"ఊడితే ఊడనియ్యి. నా మెడకాయన్నా మిగులుద్ది" అంది హుసేన్‌బీ, మూట ధబీమని దించి.

అయితే ఆ ఆఫీసులో ఒక మంచి ఆనవాయితీ ఉంది. డ్రైవరు రిటైరయ్యే రోజున ఆఫీసరు గారే స్టీరింగు పట్టుకుంటారు. డ్రైవరేమో వెనక సీట్లో, రోజూ ఆఫీసరు కూర్చునే చోట, మెళ్ళో దండతో దర్జాగా కూర్చుంటాడు. పక్కన భార్య. బజారంతా చూస్తుండగా ఇంటి గుమ్మం దాకా తీసుకెళ్ళి దిగబెట్టాలి. ఆ ఒక్కరోజూ ఏ రూలూ అడ్డం రాదు. మౌలాలి రిటైరయ్యేది ఏప్రిల్ ఆఖరు రోజున. "ఆ రోజు నిన్ను మహారాణి మాదిరి ఎక్కించుకొస్తా చూడు" అని ఏళ్ళ తరబడి పెళ్ళానికి చెబుతూ వచ్చాడు. రోజూ పొద్దుపోయి ఇల్లు చేరే గొడవతో సహా, సంసారంలో లేచిన ప్రతి గొడవనూ ఆ ఒక్క మాట అడ్డం పెట్టే సర్దుకొచ్చాడు. ఇప్పుడా కారు ఎక్కించకపోతే, సర్దిన గొడవలన్నీ ఒక్కసారిగా లేచి కూర్చుంటాయని ఆయనకు బాగా తెలుసు.

ఇంతలో ఏమైందంటే, రాజధానిలో ఉండే శాఖ డైరెక్టరు గారు ఎక్కడో ఉత్తరాన మంచుకొండల్లో జరిగిన సదస్సుకు వెళ్ళారు. ఆరుబయట నిలబెట్టిన ఆయన కారు తెల్లారి కదలనని మొరాయించింది. ఇంజను వేడెక్కకుండా రేడియేటర్లో పోసే రంగునీళ్ళుంటాయి చూశారూ, కూలెంటంటారు, అది కాస్తా రాయిలా గడ్డకట్టింది. ఆయన చలికి గడగడా వణికి, వరసపెట్టి తుమ్మి, ఆ తుమ్ములకూ తుమ్ములకూ మధ్య ఒక విధానం రూపొందించారు. తిరిగొచ్చీ రాగానే శాఖలో శైత్య విభాగం అని కొత్తది పుట్టింది. పుట్టిన పిల్ల కేరుమన్నట్టు, ఆ విభాగం నుంచి శాఖలోని ఆఫీసులన్నింటికీ ఒక సర్క్యులర్ బయల్దేరింది.

గుండ్లచర్ల ఆఫీసుకు పెద్ద, డిప్యూటీ డైరెక్టర్ ఆమంచి సోమసుందరం గారు. సర్క్యులర్లంటే ఆయనకు ప్రాణం. పరగడుపున ఒకటి చదవందే కాఫీ గొంతు దిగదు. సిబ్బందినందరినీ నిలబెట్టి, గొంతు సవరించుకుని, రాగం తీస్తూ చదివారు.

"నవంబరు ఒకటి మొదలు ఫిబ్రవరి ఆఖరు వరకు ఆరుబయట నిలుపబడిన ప్రతి శాఖా వాహనమునందలి కూలెంటు, స్థానిక శీతోష్ణస్థితితో ఎట్టి నిమిత్తము లేకుండా, గడ్డకట్టినట్లుగానే భావింపబడును. అట్లు గడ్డకట్టిన వాహనమును, శైత్య విభాగము వారి ద్రవీకరణ ధ్రువపత్రము లేనిదే కదిలించరాదు."

మౌలాలి కిటికీలోంచి కారు వంక చూశాడు. ఎండకు దాని టాపు మీద గాలి మరుగుతున్నట్టుంది.

"సార్, మన బండి గడ్డకట్టలేదు సార్. చెయ్యి పెడితే చుర్రుమంటంది" అన్నాడు.

"మౌలాలీ, కట్టిందా లేదా అన్నది ఇక్కడ ప్రశ్న కాదు. భావించామా లేదా అన్నదే ప్రశ్న. నేను భావించాను. సూపరింటెండెంటు గారూ, మీరు?"

"పొద్దున టపా విప్పినప్పుడే భావించేశానండీ" అంది సూపరింటెండెంటు భ్రమరాంబ.

"విన్నావుగా. నువ్వు కూడా భావించి సంతకం పెట్టు."

"పోనీ, షెడ్లో పెడతా సార్. అప్పుడు ఆరుబయట ఉన్నట్టు కాదు గదా?"

మాట బాగానే ఉంది. కాని షెడ్డు నిండా విరిగిన కుర్చీలు. వాటిని పారెయ్యాలంటే పాత సామాన్ల కమిటీ కూర్చోవాలి. కూర్చోడానికి ఆఫీసులో కుర్చీలు లేవు, అన్నీ షెడ్లోనే ఉన్నాయి. కమిటీని నిలబెట్టి తీర్మానం చేయించే వీలు రూల్సులో లేదు. అంచేత కారు జెండా దిమ్మె పక్కన, నెత్తిమాడే ఎండలో, అధికారికంగా గడ్డకట్టింది.

వారం తిరక్కుండానే రాజధాని నుంచి పెద్ద పార్సిలు వచ్చింది. బండికి కప్పడానికి రెండు ఉన్ని రగ్గులు, డ్రైవరుకు స్వెట్టరు, మంకీ క్యాపు, చేతులకు తొడుగులు. గడ్డకట్టిన వాహనం దగ్గరికి పోయే ఉద్యోగి ఇవన్నీ తొడుక్కుని తీరాలట. పాపం మౌలాలి! బండి తుడవందే పొద్దు గడవని మనిషాయె. రోజూ పొద్దున్నే స్వెట్టరు వేసుకుని, మంకీ క్యాపు బిగించుకుని, చెమట ధారలు కడుతుండగా కారు తుడిచేవాడు. రోడ్డున పోయేవాళ్ళు ఆగి మరీ అడిగేవాళ్ళు.

"ఏంది మౌలాలి బాబాయ్, జొరమొచ్చిందా?"

"నాక్కాదురా. బండికి" అనేవాడు క్యాపులోంచి.

సోమసుందరం గారి ప్రయాణాలు మాత్రం ఆగలేదు. గనుల తనిఖీకి భ్రమరాంబ స్కూటరు వెనక కూర్చుని, ఎండ తగలకుండా నెత్తిమీద ఫైలు పట్టుకుని వెళ్ళేవారు. గనుల్లో కూలీలు ఆయన్ని చూసి మొదట నవ్వారు, తర్వాత అలవాటుపడ్డారు. కారు గడ్డకట్టినందుకు ఆయన ముఖంలో ఒక రకమైన గర్వం కూడా కనబడేది. పక్క జిల్లా ఆఫీసులో కారు పూర్తిగా గడ్డకట్టలేదని, కొంచెం జారుగానే ఉందని నివేదిక పంపి మెమో తిన్నారట. మన ఆఫీసులో అలాంటి అజాగ్రత్త లేదు.

ఫిబ్రవరి పోయింది. మార్చి పోయింది. ఊళ్ళో రోడ్డు తారు చెప్పులకు అంటుకుంటోంది. కారు ఇంకా గడ్డకట్టే ఉంది. ధ్రువపత్రం రాలేదు మరి. మౌలాలి రిటైరయ్యే రోజు దగ్గరపడింది. రాజధానికి అర్జీ పెట్టించాడు. జవాబు ఠంచనుగా వచ్చింది. కూలెంటు కరిగినట్లు ధ్రువీకరించవలెనన్న, అది ఏ తేదీన, ఏ ఉష్ణోగ్రత వద్ద గడ్డకట్టినదో ముందు తెలియజేయవలెను, అని.

"గడ్డకట్టనే లేదని రాయండి సార్" అన్నాడు మౌలాలి.

సోమసుందరం గారు బల్ల పట్టుకున్నారు. "ఒరే నాయనా, ఎంత మాటన్నావు! గడ్డకట్టలేదంటే రగ్గులెందుకు కప్పావు? స్వెట్టరెందుకు తొడిగావు? నెలల తరబడి నేను స్కూటరెక్కి ఎందుకు ఊరేగాను? ఆడిట్ వాళ్ళు వచ్చి అడిగితే ఇన్నాళ్ళూ ఈ ఆఫీసు వేళాకోళం ఆడిందని చెప్పమంటావా?"

"మరి నా రిటైర్మెంటు సార్? మా ఆవిడకి మాటిచ్చా సార్."

ఆ మాటకు సోమసుందరం గారు కొంచెం మెత్తబడ్డారు. ఆనవాయితీ అంటే ఆయనకు గౌరవమే. స్వయంగా తనిఖీకి రమ్మని రాజధానికి రాశారు. వస్తాం, ఏప్రిల్ ఆఖరు రోజు తప్ప మాకు తీరికలేదు అన్నారు వాళ్ళు.

ఆ సాయంత్రం మౌలాలి ఇంట్లో హుసేన్‌బీ చిలకాకుపచ్చ చీర తీసి, పరుపు కింద మడత పెడుతోంది. అప్పటికే తను కారులో వచ్చి దిగబోతున్నానని వీధి వీధంతా చెప్పేసింది. ఎదురింటి వాళ్ళు ఆ వేళకు అరుగు మీద చోటు కూడా చూసి పెట్టుకున్నారు.

"ఒక మాట చెప్తా, కోప్పడబాక" అన్నాడు మౌలాలి. "బండి కదిలేది అనుమానంగా ఉంది."

"ఏమొచ్చింది దానికి?"

"గడ్డకట్టింది."

"ఏంది?"

"చలికి."

హుసేన్‌బీ చీర వదిలేసి, దగ్గరికొచ్చి, మొగుడి నుదుటి మీద చెయ్యి వేసి చూసింది. తర్వాత ఒక చెంబెడు నీళ్ళు తెచ్చి నెత్తిన పోసింది. "ఆ టోపీ పెట్టుకోబాకయ్యా అని చెప్తానే ఉన్నా" అంది.

ఏప్రిల్ ఆఖరు రోజు రానే వచ్చింది. ఎండ నిప్పులు చెరుగుతోంది. కాకులు కూడా రెక్కలు జారేసి పంపు కింద కూర్చున్నాయి. ఆఫీసు ముందు షామియానా, మైకు, దండలు, అన్నీ సిద్ధం. గేటు దగ్గర కుల్ఫీ నాసరయ్య బండి పెట్టుకుని గంట కొడుతున్నాడు. అప్పుడు దిగారు శైత్య విభాగం ప్రత్యేక తనిఖీ అధికారి నిష్ఠల నరహరి గారు. మోకాళ్ళ కింది దాకా ఓవరుకోటు, మెడకు మఫ్లరు. శీతల ప్రాంత పర్యటన భత్యం రావాలంటే ఉన్ని బట్టలు తప్పనిసరి అట. మొహం ఉడకబెట్టిన చిలగడదుంపలా ఉంది.

"గడ్డకట్టిన వాహనం ఎక్కడ?" అన్నారు, తూలుతూ.

మౌలాలి రగ్గులు తీసి బానెట్టు ఎత్తాడు. నరహరి గారు రేడియేటరు మూత తీయించి, అందులో థర్మామీటరు ముంచి, పైకి తీసి, చాలాసేపు చూశారు. ఆపరేషన్ గదిలోంచి బయటికొచ్చిన డాక్టరు చుట్టాలకు చెప్పినట్టు చెప్పారు.

"క్షమించాలి. ఇది ద్రవంగా ఉంది."

"మంచిదే గద సార్!" అన్నాడు మౌలాలి. "కరిగిందని రాసెయ్యండి."

"అదెలా కుదురుతుంది? గడ్డకట్టిన దాన్ని కరిగించి ధ్రువీకరించడమే నా విధి. ద్రవాన్ని ద్రవీకరించే అధికారం నాకు లేదు."

"గడ్డకట్టినట్టు భావించవచ్చు కదండీ? మేము నవంబరు నుంచీ భావిస్తూనే ఉన్నాం" అన్నారు సోమసుందరం గారు.

"భావన ఫిబ్రవరి ఆఖరుతో ముగిసిందండీ. మార్చి ఒకటి నుంచి వాస్తవం వర్తిస్తుంది."

సోమసుందరం గారు కళ్ళు మూసుకున్నారు. ఆయన ఎప్పుడూ ఏ రూలునూ ఎదిరించిన మనిషి కాదు, ఆ రోజు కూడా ఎదిరించలేదు. కళ్ళు తెరిచి, పిడికిలి బిగించి, "అయితే వాస్తవంగానే గడ్డకట్టిస్తాం!" అన్నారు. సిబ్బంది చప్పట్లు కొట్టింది. మౌలాలికి ఏడవాలో నవ్వాలో తెలియక తను కూడా కొట్టాడు.

భ్రమరాంబ గేటు వైపు చూసి, "నాసరయ్యా, ఇట్రా!" అని కేకేసింది.

నాసరయ్య రేడియేటరు చుట్టూ ఒకసారి తిరిగి, వేలితో తట్టి, పెదవి విరిచాడు. "మూకుడు కాస్త పెద్దదే. అయినా బిగిద్దాం లెండి. ఐసొక్కటే చాలదు సార్. రాళ్ళుప్పు దంచి పొయ్యాల. ఉప్పు పడ్డాదంటే ఐసుకు రోషమొచ్చుద్ది. నా కుల్ఫీ అట్టాగే బిగుసుకుంటది." ఆశగా అడిగాడు. "లోపల పాలు పొయ్యమంటారా? బాదంపప్పు ఏస్తే ఇంకా బాగుంటది."

"బాదంపప్పు గురించి సర్క్యులర్లో ప్రస్తావన లేదు" అన్నారు నరహరి గారు.

ఇక్కడొక సంగతి చెప్పాలి. గుండ్లచర్లలో ఎవడూ రేడియేటర్లో కూలెంటు పోసిన పాపాన పోలేదు. ఆ రంగునీళ్ళు పోస్తే ఊరి ఎండకు బండికి గుక్క తిరగదని అక్కడి డ్రైవర్ల గట్టి నమ్మకం. ఎవరిని అడిగినా బోరు నీళ్ళకు మించింది లేదంటారు. మౌలాలి కూడా ఆ మతస్థుడే. రోజూ చెంబుతో బోరు నీళ్ళే పోసేవాడు. అవి పోస్తే ఏమవుతుందో ఆ రోజుదాకా ఎవరికీ పట్టలేదు, అక్కడ నీళ్ళు గడ్డకట్టే అవసరం ఎన్నడూ రాలేదు గనక.

ఊళ్ళో ఉన్న ఐసంతా లారీలో వచ్చింది. దిమ్మలు పగలగొట్టి, ఉప్పు చల్లి, రేడియేటరు చుట్టూ గోనెపట్టాల్లో కూరారు. రాజధాని రగ్గులు అప్పుడు పనికొచ్చాయి, ఐసు కరక్కుండా పైన కప్పడానికి. ఆ తర్వాత మొదలైంది తిరనాళ్ళ! చల్లదనం వాసన తగిలి ఊరు ఊరంతా వచ్చి పడింది. ఐసు దొరకని చేపలమ్మే ఆడవాళ్ళు తిట్టుకుంటూ వచ్చి, తట్టలు తెచ్చి బానెట్టుకు ఆనించారు. సోడా కొట్టువాడు సీసాలు తెచ్చి చక్రాల దగ్గర పేర్చాడు. ముసలాళ్ళు కారు తలుపులకు చెంపలు ఆనించి కళ్ళు మూసుకున్నారు. పక్కవీధి పెళ్ళి వాళ్ళు పెళ్ళికొడుకును తీసుకొచ్చి, మొహాన పౌడరు నిలబడే దాకా బంపరు మీద కూర్చోబెట్టారు.

"దిగండయ్యా! సర్కారు బండి! చేపల తట్ట తియ్యమ్మా, పెయింటు పోద్ది!" అని మౌలాలి కారు చుట్టూ పరిగెత్తాడు. ఎవరు వింటారు? నరహరి గారైతే ఐసు పక్కనే షామియానా వాళ్ళ కుర్చీ వేయించుకుని, కోటు బొత్తాలు పెట్టుకుని, ఉద్యోగంలో చేరాక మొదటిసారి సుఖంగా నిట్టూర్చారు. నాసరయ్య ఇచ్చిన కుల్ఫీ ఒకటి ఆయన చేతిలో ఉంది.

పొద్దు కొంచెం వాలాక నరహరి గారు లేచి, కుల్ఫీ పుల్లను రేడియేటరు మూతిలో గుచ్చారు. టక్ మంది. మళ్ళీ గుచ్చారు. మళ్ళీ టక్.

"గడ్డకట్టింది!" అని అరిచారాయన. మఫ్లరు గాల్లోకి విసిరారు. "ఇది చారిత్రకం! మా విభాగం చూసిన మొదటి గడ్డ ఇదే! డైరెక్టరు గారు తప్ప రాజధానిలో ఎవరూ చూడలేదు!" సోమసుందరం గారిని కావిలించుకున్నారు. బ్యాండువాళ్ళు, పెళ్ళివారి బ్యాండే అది, ఏదో వాయించేశారు. జనం ఈలలు.

ఆ హడావిడిలో బండి లోపలనుంచి టప్పుమని చిన్న చప్పుడైంది. అది మౌలాలి ఒక్కడికే వినిపించింది. తన బండి చేసే చప్పుళ్ళన్నీ ఆయనకు తెలుసు. ఇది ఎన్నడూ చెయ్యని చప్పుడు.

"ఇప్పుడు క్రమబద్ధమైన ద్రవీకరణ. పరిసరాలను మెల్లమెల్లగా వెచ్చబరచవలెను" అన్నారు నరహరి గారు. రగ్గు తీశారు, ఐసు తోసేశారు. గుండ్లచర్ల ఎండకు మెల్లమెల్లగా అనే మాటే తెలియదు. నరహరి గారు పెన్ను మూత తీసే లోపల అంతా కరిగి కూర్చుంది.

"అయ్యో! ఆరంభం నమోదు చేసుకోలేదు. మళ్ళీ ఒకసారి గడ్డకట్టించండి."

"సార్, మీ కాళ్ళు పట్టుకుంటా సార్!" అని మౌలాలి నిజంగానే వంగాడు. నాసరయ్య చప్పున ఇంకో కుల్ఫీ అందించాడు. అది తింటూ నరహరి గారు కొంచెం ఆలోచించి, ఆరంభం జరిగినట్లుగా భావించారు. సంతకం పెట్టి, ముద్ర గుద్ది, ధ్రువపత్రం చేతికిచ్చారు. కూలెంటు ద్రవరూపంలో ఉన్నది, వాహనము కదలుటకు యోగ్యము.

సరిగ్గా అప్పుడే కారు కింద నుంచి నీళ్ళు దబదబా కారడం మొదలైంది. మౌలాలి నేల మీద పడుకుని తొంగి చూశాడు. రేడియేటరు నిలువునా చీలి ఉంది. నీళ్ళు గడ్డకడితే ఉబ్బుతాయి, ఉబ్బితే ఇరుకైన చోటును చీలుస్తాయి, పాపం రేడియేటరు మాత్రం ఏం చేస్తుంది?

"పగిలిపోయింది సార్. బొట్టు నీళ్ళు నిలబడవు. స్టార్టు చేస్తే ఇంజను కాలిపోద్ది" అన్నాడు.

నరహరి గారు వంగి చూసి తృప్తిగా తలాడించారు. "కూలెంటు ద్రవరూపంలోనే ఉంది కదా. ప్రవహిస్తోంది కూడా. ఇంతకంటే రుజువేం కావాలి? అది బండిలో ఉండాలా, నేల మీద ఉండాలా అన్నది నా పరిధిలోని విషయం కాదు."

అదిగో, అప్పుడొచ్చింది హుసేన్‌బీ. చిలకాకుపచ్చ చీర, చేతినిండా గాజులు, వెనక వీధి ఆడవాళ్ళంతా. ఇన్నాళ్ళు చూసిన ఎదురుచూపు ఆమె నడకలో తెలుస్తోంది. మౌలాలి బంపరు మీద కూలబడి ఉన్నాడు. మెళ్ళో దండ, చొక్కానిండా బురద.

"ఇయ్యాల కూడా నడిచే పోవాలే" అన్నాడు. "బండి చచ్చింది. నీ ముందు నా మాట కూడా చచ్చింది. తిట్టు, నీ ఇష్టమొచ్చినట్టు తిట్టు." కళ్ళనీళ్ళు తిరిగి, తువ్వాలు మొహాన కప్పుకున్నాడు.

హుసేన్‌బీ తిట్టలేదు. తడి నేలను, కారును, చేపల తట్టలను, మొగుడిని ఒక్కొక్కటే చూసింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఊరుకుంది. ఆమె ఊరుకోవడం మౌలాలి ఎన్నడూ చూడలేదు, అందుకే ఇంకా భయమేసింది.

ఆ ఊరుకోవడం సోమసుందరం గారు కూడా తట్టుకోలేకపోయారు. భ్రమరాంబను పక్కకు పిలిచి, "సర్క్యులర్లో ఏముంది? ధ్రువపత్రం లేనిదే కదిలించరాదనేగా? ఇప్పుడు ధ్రువపత్రం ఉంది. ఇంజనుతోనే కదిలించాలని ఎక్కడన్నా ఉందా?" అన్నారు.

భ్రమరాంబ సర్క్యులర్ తిరగేసి చూసింది. "లేదండీ. కదిలించడం అని మాత్రమే ఉంది."

"అయితే తోద్దాం!" అన్నారు సోమసుందరం గారు. ఆ తర్వాత మౌలాలి దగ్గరికి వచ్చి, చెవిలో చెప్పారు. "నిజం చెప్పనా? నాకసలు డ్రైవింగు రాదు. ఈ రోజు ఎలా గడుస్తుందా అని నెల నుంచి కంటిమీద కునుకు లేదు. ఇంజను లేని బండైతే నేనూ నడపగలను. లేవయ్యా, లే!"

మౌలాలి లేచాడు. తలుపు తీసి, హుసేన్‌బీకి చెయ్యి అందించాడు. ఆమె ఎడమ కాలు పెట్టబోయి, తీసేసి, కుడి కాలు పెట్టి ఎక్కింది. పక్కన ఆయన కూర్చున్నాడు. సోమసుందరం గారు స్టీరింగు ముందు కూర్చుని దాన్ని రెండు చేతులా పట్టుకున్నారు, అదెక్కడికో పారిపోతుందన్నట్టు. వెనక సర్వే ఆఫీసు సిబ్బంది, నాసరయ్య, సోడా కొట్టువాడు, చేపలమ్మే ఆడవాళ్ళు చేతులు వేశారు. నరహరి గారు కూడా ఓవరుకోటు వేసుకునే తోశారు. తోసినంత మేరా పర్యటన కిందికే వస్తుందట. పెళ్ళివారి బ్యాండు ముందు నడిచింది, పెళ్ళి సంగతి ఎవరికీ గుర్తులేదు.

"హైలెస్సా!" అన్నారు. కారు కదిలింది.

"సార్, ఎడమకు... ఎడమకు తిప్పండి! సార్, అది హారన్! సార్, బ్రేకు! అది కాదు, మధ్యది!" అని మౌలాలి వెనక నుంచి అరుస్తున్నాడు. సోమసుందరం గారు ఆనందం పట్టలేక హారన్ కొడుతూనే ఉన్నారు. బజారు బజారంతా గుమ్మాల్లోకి వచ్చింది. పళ్ళ బండివాళ్ళు, దర్జీలు, సైకిలు షాపువాళ్ళు అందరూ నవ్వి, నవ్వుతూనే వచ్చి తలా ఒక చెయ్యి వేశారు. కాస్త దూరం పోవడం, ఆగి ఊపిరి పీల్చుకోవడం, మళ్ళీ తోయడం. పక్కనుంచి ఒక ఎద్దు తాపీగా వీళ్ళను దాటుకుని పోయింది.

హుసేన్‌బీ సీటును చేత్తో నిమిరింది. అద్దం దించింది, ఎక్కించింది, మళ్ళీ దించింది. కనపడ్డ వాళ్ళందరికీ చెయ్యి ఊపింది. ఎదురింటి వాళ్ళ అరుగు దూరంగా కనబడేసరికి కొంగు సర్దుకుని నిటారుగా కూర్చుంది. వెనక అద్దంలోంచి తోసేవాళ్ళ చెమట మొహాలు చూసింది. ముందు నడుస్తున్న ఎద్దును చూసింది. ఆమె మొహంలో ఏదో కరిగింది. ఎన్నడూ లేనిది, మొగుడి చెయ్యి తీసుకుని తన ఒళ్ళో పెట్టుకుంది.

"ఇదా సంగతి!" అంది, ఎంతో జాలిగా. "ఇన్నేళ్ళూ ఇంటికి అంత ఆలస్యంగా ఎందుకొచ్చేవాడివో ఇప్పటికి తెలిసింది. ఊరికే తిట్టుకున్నా గదయ్యా నిన్ను."